ఆఫీస్‌కి కుక్కని తేవాలంటే ముందు అడగాల్సింది "వద్దు" అనలేని వాళ్లని

మీ ప్రశ్న చదివా. మాదాపూర్‌లో డెబ్భై మంది పనిచేసే కంపెనీ, ఫౌండర్ గారు కొన్ని వారాలుగా తన ల్యాబ్రడార్‌ని రోజూ వెంట తెస్తున్నారు, అది చూసి ఇంకో నలుగురు మా పెట్స్‌ని కూడా తెచ్చుకుంటాం అంటున్నారు, ఇంకోపక్క ఇద్దరు ముగ్గురు విడిగా మీ దగ్గరికొచ్చి మాకు భయం, మా పేరు మాత్రం బయట పెట్టొద్దు అన్నారు, ఇప్పుడు హెచ్ఆర్‌గా మిమ్మల్ని పాలసీ రాయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేను వెటర్నరీ డాక్టర్‌ని అండి, రాజేంద్రనగర్‌లో చదువుకుని చాలా ఏళ్లుగా కొండాపూర్ వైపు క్లినిక్ నడుపుతున్నా. నా దగ్గరికొచ్చే కుక్కల్లో ఓనర్‌తో పాటు ఆఫీస్‌కి వెళ్లేవి బాగానే ఉన్నాయి, కొన్ని కంపెనీల వాళ్లు రూల్స్ రాసుకునే ముందు పిలిపించుకుని అడిగారు కూడా. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

సూటిగా చెప్తా. ఆఫీస్‌లో కుక్క ఉండొచ్చు, సరిగ్గా చేస్తే చాలా బాగుంటుంది కూడా. కాకపోతే పాలసీ అనగానే అందరూ వ్యాక్సిన్ కార్డు, లీష్, ఫైన్ ఎంత అనే దగ్గర మొదలుపెడతారు, అవన్నీ తర్వాతి సంగతి. ఆ ఆఫీస్‌లో ఇద్దరున్నారు, వాళ్లకి వద్దు అని చెప్పే వీలు లేదు. ఒకరు ఆ కుక్క. రెండోవాళ్లు మీ దగ్గర అందరికంటే తక్కువ జీతానికి పనిచేసే మనిషి, అంటే హౌస్‌కీపింగ్ అక్క, ప్యాంట్రీ బాబు, సెక్యూరిటీ అన్న, నిన్న గాక మొన్న చేరిన ఫ్రెషర్. వీళ్లకి "వద్దు" అనే దారి మీరు పెట్టగలిగితే మిగతా రూల్స్ అన్నీ వాటంతట అవే కుదురుతాయి, అది పెట్టలేకపోతే ఎంత మంచి పాలసీ రాసినా అది కాగితం మీదే ఉంటుంది.

అందులోనూ మీది ఫౌండర్ గారి కుక్క. ఆయన ఎంత మంచి మనిషైనా సరే, జీతం ఇచ్చే మనిషి పెంచుకునే కుక్క కాళ్ల దగ్గరికొచ్చి వాసన చూస్తుంటే సార్ నాకు భయం అని ఎంతమంది అనగలరు చెప్పండి, నవ్వుతూ "సో క్యూట్" అంటారు, కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంటారు. అందుకే మీటింగ్‌లో చేతులెత్తమని అడగొద్దు, గ్రూప్‌లో పోల్ పెట్టొద్దు, అందరికీ కనపడేలా ఏదీ అడగొద్దు. పేరు లేని ఫారం ఇవ్వండి, కారణం రాసే గడి కూడా పెట్టొద్దు, ఓకే, దూరంగా ఉంటే ఓకే, వద్దు, ఈ మూడే చాలు. కాంట్రాక్ట్ ఏజెన్సీ ద్వారా వచ్చేవాళ్లకి మీ ఈమెయిల్స్ వెళ్లవు, గుర్తుపెట్టుకోండి, వాళ్లని మీరే కూర్చోబెట్టుకుని తెలుగులోనో హిందీలోనో విడివిడిగా అడగాలి, వాళ్ల సూపర్‌వైజర్ పక్కన లేకుండా. ఎందుకంటే పెట్ ఫ్రెండ్లీ ఆఫీస్ అని ఫొటోలు పెట్టుకునేది మనం, కుక్క కార్పెట్ మీద మూత్రం పోస్తే తుడవమని పిలిచేది ఆ అక్కని. ఆ పని ఆమెది కాదు. కుక్క ఏం చేసినా దాని ఓనరే లేచి తుడవాలి, ఫౌండర్ గారైనా సరే, ఇది పాలసీలో మొదటి లైన్‌గా రాయండి అని నేను అడిగిన ప్రతి చోటా చెప్తాను.

వద్దన్నవాళ్ల కారణాలు చిన్నవి కావు. రాత్రి షిఫ్ట్ అయ్యాక బైక్ మీద ఇంటికెళ్లే కుర్రాళ్లని అడగండి, గల్లీ మలుపులో నాలుగైదు కుక్కలు వెంటపడితే ఎలా ఉంటుందో చెప్తారు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేట్‌లో వీధికుక్కల దాడిలో చిన్న బాబు చనిపోయిన వీడియో ఈ సిటీలో చూడనివాళ్లు తక్కువ, ఆ తర్వాత నా క్లినిక్‌కి పక్కనున్న షాపుల వాళ్లు కూడా లోపలికి రావడానికి వెనకాడారు. మీ ల్యాబ్ ఎంత మెత్తనిదైనా భయపడే మనిషి శరీరానికి ఆ తేడా తెలీదు. "మావాడు ఏమీ చేయడు అండి" అనే మాట ఓనర్లు దయచేసి మానేయాలి, అది భయపడేవాళ్లకి ధైర్యం ఇవ్వదు, వాళ్లు నోరు మూసుకునేలా చేస్తుంది అంతే. ఇంకా మన హైదరాబాద్‌లో చాలామంది ముస్లిం కొలీగ్స్ ఉంటారు, కుక్క లాలాజలం బట్టలకి తగిలితే నమాజ్‌కి ముందు కడుక్కోవాలి లేదా మార్చుకోవాలి అని పాటించేవాళ్లు ఎక్కువ, మధ్యాహ్నం నమాజ్ టైమ్‌కి ఆ అబ్బాయి బట్టలు ఎక్కడ మార్చుకుంటాడు? అయ్యప్ప మాలలో ఉన్నవాళ్లు, వ్రతం రోజున మడిగా ఉండాలనుకునేవాళ్లు ఉంటారు. ఆస్తమా ఉన్నవాళ్లు ఉంటారు. ఇవేవీ ఎవరూ మీకు వివరించాల్సిన అవసరం రాకూడదు.

అలర్జీ సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి, బొచ్చు రాలని బ్రీడ్ అయితే అలర్జీ రాదు అని నమ్మి షిట్జూనో పూడుల్‌నో తెచ్చేవాళ్లు ఉన్నారు. అలర్జీ తెప్పించేది వెంట్రుక కాదు, కుక్క లాలాజలంలో, చర్మం నుంచి రాలే సన్నటి పొట్టులో ఉండే ప్రొటీన్లు. అవి అన్ని బ్రీడ్స్‌లోనూ ఉంటాయి. పిల్లిది ఇంకా మొండి, పిల్లి వెళ్లిపోయాక కూడా నెలల తరబడి సోఫాల్లో, కర్టెన్లలో ఉండిపోతుంది. సెంట్రల్ ఏసీ ఉన్న ఫ్లోర్‌లో అదే గాలి చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఒక మూల కుక్కని పెట్టి ఇంకో మూల అలర్జీ మనిషిని కూర్చోబెడితే సరిపోదు. విడిగా ఏసీ ఉండి తలుపు మూసుకునే గది ఉంటేనే పెట్ జోన్ అనే మాటకి అర్థం ఉంటుంది. అది లేకపోతే, ఆస్తమా ఉన్న మనిషి ఒక్కరున్నా ఆ ఫ్లోర్‌లో పెట్స్ వద్దు అనే నేను చెప్తా.

ఇక లాభం సంగతి, మీ ఫౌండర్ గారు స్ట్రెస్ తగ్గుతుందని ఏదో స్టడీ పంపారన్నారు కదా. అది బహుశా 2012లో అమెరికాలో వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీ వాళ్లు చేసినది అయ్యుండాలి, ఎక్కువగా చెప్పుకునేది అదే. తమ కుక్కని ఆఫీస్‌కి తెచ్చుకున్నవాళ్లకి రోజు గడిచేకొద్దీ స్ట్రెస్ తగ్గింది, ఇంట్లో వదిలి వచ్చినవాళ్లకి పెరిగింది అని తేలింది. నిజమే, నేనూ కాదనను, కుక్కని నిమిరితే మనిషికీ దానికీ ఇద్దరికీ మనసు నెమ్మదిస్తుంది. కానీ ఆ స్టడీ జరిగింది ముందు నుంచీ కుక్కల్ని రానిస్తున్న ఒక్క కంపెనీలో, కుక్కలంటే అసలు పడనివాళ్లు అలాంటి చోట ఎంతకాలం ఉంటారో ఆలోచించండి. దాన్నిబట్టి మీ డెబ్భై మందికీ స్ట్రెస్ తగ్గుతుందని చెప్పలేం, తగ్గేది ముఖ్యంగా ఓనర్‌కి.

ఇప్పుడు వద్దు అనలేని ఆ ఇంకో ప్రాణి, అసలు కుక్క. దీని గురించే నాకు ఎక్కువ బాధ, ఎందుకంటే పాలసీల్లో దీని ఊసే ఉండదు. ఎదిగిన కుక్క రోజులో సగం పైగా నిద్రపోతుంది, పగలు కూడా మధ్యమధ్యలో పడుకుంటుంది. ఆఫీస్‌లో దానికి ఆ నిద్ర ఉండదు. ప్రతి ఐదు నిమిషాలకీ ఒకరొచ్చి తల నిమురుతారు, ఫొటో తీస్తారు, కుర్చీ చక్రాలు తోక పక్కనుంచి వెళ్తాయి, లిఫ్ట్ మోగుతుంది, స్టాండప్‌లో అందరూ చప్పట్లు కొడతారు. సాయంత్రం ఓనర్ ఇంటికెళ్లి "ఈరోజు బాగా ఎంజాయ్ చేసింది, అలిసిపోయి పడుకుంది" అంటారు. అది ఎంజాయ్ చేసి అలసిన అలసటో, రోజంతా ఒత్తిడిలో ఉండి వచ్చిన అలసటో చూసుకోవాలి. కుక్క ఇబ్బంది పడుతుంటే ముందే చెప్తుంది, మనకి చదవడం రాదు. తిండి లేకపోయినా పదేపదే పెదాలు నాకడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, తల పక్కకి తిప్పేసి కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూడటం, చెవులు వెనక్కి వాల్చడం, టేబుల్ కిందకి దూరడం, ఒళ్లంతా బిగబట్టి కదలకుండా నిలబడిపోవడం. తోక ఊపుతుంటే సంతోషం అని అందరూ అనుకుంటారు, ఒళ్లు వదులుగా ఉండి నడుము దాకా ఊగుతుంటే సంతోషమే, ఒళ్లు బిగుసుకుని తోక ఒక్కటే పైకి నిటారుగా పెట్టి చిన్నగా ఆడిస్తుంటే దగ్గరికి వెళ్లొద్దు. గుర్రుమంటే తిట్టొద్దు, కొట్టొద్దు. గుర్రుమనడం అంటే అది మర్యాదగా దూరం జరగమని అడుగుతోంది, ఆ అడగడాన్ని మనం అణిచేస్తే ఈసారి అడగకుండా కరుస్తుంది.

కాబట్టి ప్రతి కుక్కకీ తనదైన ఒక మూల ఉండాలి, క్రేట్ (తలుపున్న బోను) గానీ బెడ్ గానీ, అందులో ఉన్నప్పుడు ఎవ్వరూ ముట్టుకోకూడదు, ఓనర్ కూడా. అదే దాని "వద్దు". ఇంకొకటి ఆఫీస్ ఫ్లోర్లు, నున్నటి టైల్స్ మీద ల్యాబ్, జర్మన్ షెపర్డ్ లాంటి బరువైన కుక్కలకి కాళ్లు జారుతుంటాయి, ఈ బ్రీడ్స్‌కి అసలే తుంటి కీళ్ల సమస్య ఎక్కువ. అది తిరిగే దారిలో రబ్బర్ మ్యాట్ వేయండి, ఖర్చు పెద్దగా ఉండదు. నాలుగు నెలలు నిండని కుక్కపిల్లల్ని మాత్రం తేనివ్వొద్దు, వాటికి వ్యాక్సిన్ కోర్స్ పూర్తవ్వదు, పార్వో అనే వైరస్ జబ్బు వస్తే కాపాడుకోవడం చాలా కష్టం.

హెల్త్ పేపర్స్ విషయం తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే ఇది అందరికీ తెలిసిందే. యాంటీ రేబిస్ ఏడాదికోసారి, చాలా జబ్బులకి కలిపి వేసే సెవెన్ ఇన్ వన్ లేదా నైన్ ఇన్ వన్ టీకా ఏడాదికోసారి, మూడు నెలలకోసారి నులిపురుగుల మందు, కార్పొరేషన్ లైసెన్స్, వీటి కాపీలు మీ దగ్గర ఉండాలి. లెప్టో (లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు) వ్యాక్సిన్ వేశారో లేదో విడిగా చూడండి, వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల ద్వారా కుక్కకి వస్తుంది, కుక్క మూత్రం ద్వారా మనిషికీ వస్తుంది, తుడిచేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి అనేది అందుకే. పిడుదుల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మన సిటీలో ఏడాది పొడుగునా ఉంటాయి, నా దగ్గరికొచ్చే జ్వరం కేసుల్లో పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ చాలా ఎక్కువ, ఒక్క ఆడ పిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది, అవి కార్పెట్ అంచుల్లో, కుర్చీల కుట్లలో, గోడ పగుళ్లలో చేరితే ఆఫీస్ మొత్తం పెస్ట్ కంట్రోల్ చేయించినా మళ్లీ మళ్లీ వస్తాయి. నెలనెలా టిక్స్ ట్యాబ్లెట్టో, చర్మం మీద చుక్కలుగా వేసే స్పాట్ ఆన్ మందో వాడిన రుజువు లేని కుక్కకి లోపలికి ఎంట్రీ ఇవ్వొద్దు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగకుక్కలు కుర్చీ కాళ్ల మీదా పిల్లర్ల మీదా గుర్తులు పెడతాయి, ఆడకుక్క హీట్‌లో (ఎదలో) ఉన్నన్నాళ్లు ఇంట్లోనే ఉండాలి.

కరిస్తే, గోరు గీసుకున్నా సరే, ఏం చేయాలో ముందే గోడ మీద అతికించండి. వెంటనే ట్యాప్ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసుకుని 15 నిమిషాలు, ఇది అందరూ రెండు నిమిషాల్లో ఆపేస్తారు. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి ఏవీ పెట్టొద్దు. అదే రోజు డాక్టర్ దగ్గరికి పంపాలి, నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది, నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ ఉంది. కుక్కకి వ్యాక్సిన్ ఉంది కదా అని మనిషికి మానేయొద్దు, ఆ నిర్ణయం డాక్టర్‌ది, ఓనర్‌ది కాదు, మీది కూడా కాదు. పది రోజులు కుక్కని గమనిస్తూ ఉండాలి నిజమే, కానీ ఆ పది రోజులు అయ్యేదాకా టీకా ఆపి చూద్దాం అనుకోవడం చాలా ప్రమాదం. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక ఏ మందూ పనిచేయదు. ఖర్చు ఎవరు పెడతారు, ఆ రోజు సెలవు ఎలా లెక్కేస్తారు అనేది కూడా ముందే రాసి ఉంచండి, కాంట్రాక్ట్ మనుషులకి మరీ ముఖ్యం. చట్టం కూడా ఉంది, పెంపుడు జంతువు వల్ల మనుషులకి హాని జరగకుండా చూసుకోని నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5000 రూపాయల వరకు ఫైన్ పడొచ్చు. భయపెట్టడానికి చెప్పట్లేదు, ఓనర్లు సంతకం పెట్టే కాగితంలో ఈ లైన్ ఉండాలి.

నన్నడిగితే ఆఫీస్‌లో కుక్క మనిషిని కరిచే రిస్క్ కంటే ఆఫీసే కుక్క ప్రాణం తీసే రిస్క్ ఎక్కువ. ఇది ఎవరూ ఆలోచించరు. మీ ఫ్లోర్‌లో ఒకసారి నా కళ్లతో చూస్తూ నడవండి. వారానికి రెండు బర్త్‌డేలు, చాక్లెట్ కేక్, సగం తిని డెస్క్ మీద వదిలేసిన ప్లేట్లు. చాక్లెట్ కుక్కకి విషం, డార్క్ చాక్లెట్ అయితే ఇంకా ఎక్కువ. ద్రాక్ష, కిస్మిస్ తింటే కిడ్నీలు దెబ్బతింటాయి, దీపావళికి కంపెనీ పంచే డ్రై ఫ్రూట్స్ డబ్బాల్లో కిస్మిస్ ఉంటుంది చూడండి. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే కొంచెం తిన్నా షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, హ్యాండ్‌బ్యాగ్‌లో గమ్ ప్యాకెట్ లేని మనిషి అరుదు. శుక్రవారం బిర్యానీ తెప్పిస్తారు, ఉడికిన చికెన్ ఎముక నమిలితే సూదుల్లాగా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది, బిర్యానీలో వేసే ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్రకణాల్ని దెబ్బతీస్తాయి. పాపం అంత ఆశగా చూస్తోంది ఒక ముక్కే కదా అని పదిమంది పది ముక్కలు పెడతారు, ల్యాబ్ అయితే ఎప్పుడూ చాలు అనదు. ఓనర్ తప్ప ఎవ్వరూ ఏదీ తినిపించకూడదు, ఈ ఒక్క రూల్ దగ్గర మాత్రం కొంచెం కఠినంగానే ఉండండి.

తర్వాత మొక్కలు. రిసెప్షన్‌లో అందంగా పెట్టే సైకస్ మొక్క, చిన్న తాటిచెట్టులా ఉంటుంది, అది కుక్క నమిలితే లివర్ ఫెయిల్ అయి చనిపోవచ్చు, ముఖ్యంగా దాని గింజలు. మచ్చల ఆకుల డిఫెన్‌బాకియా మొక్క, మనీప్లాంట్ నమిలితే నోరంతా మండి చొంగ కారుతుంది, ప్రాణాపాయం తక్కువే గానీ చాలా బాధపడుతుంది. పిల్లి వచ్చే ఆఫీస్ అయితే బొకేల్లో లిల్లీలు అసలు వద్దు, పుప్పొడి ఒంటికంటుకుని నాక్కున్నా కిడ్నీలు పోతాయి. ఇంకా పెద్ద ప్రమాదం ఎలుకల మందు, ఫాల్స్ సీలింగ్ పైనా ప్యాంట్రీ వెనకా బేస్‌మెంట్‌లోనూ పెస్ట్ కంట్రోల్ వాళ్లు రంగు బిళ్లలు పెట్టి వెళ్తారు, ఎక్కడ పెట్టారో ఆఫీస్‌లో ఒక్కరికీ తెలీదు. అందులో చాలావాటికి రక్తం గడ్డకట్టకుండా చేసే గుణం ఉంటుంది, తిన్న రోజు కుక్క హాయిగా తిరుగుతుంది, మూడు నాలుగు రోజులకి చిగుళ్లు తెల్లబడి, ముక్కులోంచి రక్తం కారుతూ తీసుకొస్తారు. తిన్న రోజే తెలిస్తే విటమిన్ కె ఇచ్చి కాపాడుకోవచ్చు. కాబట్టి మీ ఫెసిలిటీ వాళ్ల దగ్గర ఏ మందు, ఎక్కడ పెట్టారు అనేది రాతపూర్వకంగా తీసుకోండి, డబ్బా మీద పేరు ఫొటో తీసి ఉంచుకోండి, కుక్క వచ్చే ఫ్లోర్‌లో అవి తీసేయించండి. ఇంకా తలనొప్పికి డ్రాయర్లో పెట్టుకునే ట్యాబ్లెట్లు, ఐబుప్రోఫెన్ కుక్కకి, పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకం. కింద వేలాడే ఛార్జర్ వైర్లు సరేసరి.

ఎండ గురించి వేరే చెప్పాలి ఎందుకంటే మనది సియాటిల్ కాదు. అమెజాన్ వాళ్లు మొదటి రోజుల్నుంచీ కుక్కల్ని ఆఫీస్‌కి రానిస్తున్నారని మీ వాళ్లు ఉదాహరణ చెప్తుంటారు, రూఫస్ అనే కోర్గి కుక్క అక్కడ అంత ఫేమస్. కానీ వాళ్లు సియాటిల్‌లో కుక్కల కోసం బిల్డింగ్ పైన ఆరుబయట స్థలం కట్టారు, అక్కడి వాతావరణం వేరు. మీ టవర్‌లో తొమ్మిదో ఫ్లోర్ నుంచి కిందకి దిగితే మట్టి ఎక్కడుంది? ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండింటికి దాన్ని బయటకి తీసుకెళ్తే తారురోడ్డు మీద పాదాలు బొబ్బలెక్కుతాయి. మీ చేతి వెనకభాగం రోడ్డు మీద పెట్టి కాసేపు ఉంచలేకపోతే కుక్క నడవకూడదు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే వేడి తగ్గించుకోవాలి, పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి ఆ రొప్పడం కూడా సరిగ్గా చేతకాదు. మామూలుగా వాటి టెంపరేచర్ 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది, 105 దాటితే ప్రాణం మీదికొస్తుంది. కార్‌లో వదిలి ఐదు నిమిషాల్లో వస్తా అనడం ఏ నెలలోనూ వద్దు, బేస్‌మెంట్ అయినా సరే. ఎండాకాలం రెండు నెలలు పెట్స్ రావు అని పాలసీలో రాసేసినా తప్పులేదు. మిగతా నెలల్లో మూడు నాలుగు గంటలకోసారి బయటకి తీసుకెళ్లే బాధ్యత ఓనర్ క్యాలెండర్‌లో బ్లాక్ అయి ఉండాలి, ఆ టైమ్‌లో క్లయింట్ కాల్ ఉంటే ఆ రోజు కుక్క రాకూడదు, కాసేపు చూసుకో అని జూనియర్‌కి లీష్ ఇవ్వడం మళ్లీ మొదటికే వస్తుంది. సాయంత్రం బాగా పరిగెత్తించాలంటే జీహెచ్ఎంసీ 2018లో కొండాపూర్‌లో తెరిచిన డాగ్ పార్క్ మీకు దూరమేం కాదు.

బిల్డింగ్ వాళ్ల పర్మిషన్ విషయంలో ఒక పొరపాటు అందరూ చేస్తున్నారు. పెట్స్‌ని ఆపే హక్కు ఎవరికీ లేదు, యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ రూల్ ఉంది అని వాదిస్తారు, ఆ బోర్డు 2015లో ఇచ్చిన గైడ్‌లైన్స్ అపార్ట్‌మెంట్లు, కాలనీ అసోసియేషన్ల గురించి, ఆఫీస్‌లకి సంబంధం లేదు. లీజ్ అగ్రిమెంట్ చదవండి, లిఫ్ట్, లాబీ, ఫుడ్ కోర్ట్ గురించి టవర్ మేనేజ్‌మెంట్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి, సర్వీస్ లిఫ్ట్ వాడమంటే వాడండి.

నలుగురు తెస్తామన్న పెట్స్‌లో పిల్లి ఉంటే వద్దని చెప్పండి. పిల్లికి తన చోటే ప్రాణం, రోజూ బుట్టలో పెట్టి తీసుకురావడం దానికి శిక్ష. పిల్లి అక్కడే ఉండిపోయేది అయితే వేరు, బేగంబజార్ కిరాణా గోడౌన్లలో బియ్యం బస్తాల మధ్య తరతరాలుగా ఉండే పిల్లులు ఉన్నాయి, లండన్‌లో బ్రిటన్ ప్రధాని ఆఫీస్‌లో ల్యారీ అనే పిల్లి 2011 నుంచి ఉంటోంది, ప్రధానులు మారారు గానీ అది మారలేదు. ఆ చోటు దానిది కాబట్టి అది నిశ్చింతగా ఉంది.

నిజానికి చాలా కంపెనీలకి ఆఫీస్ కుక్క ఇప్పటికే ఉంది, గేట్ దగ్గర. సెక్యూరిటీ అన్న తన డబ్బాలోంచి అన్నం పెట్టే వీధికుక్క. దాని చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయినట్టు, లేకపోతే చేయించండి, బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ 1992 నుంచి ఇదే పనిలో ఉంది, కార్పొరేషన్ వాళ్లకి చెప్పినా తీసుకెళ్లి చేసి మళ్లీ అక్కడే వదలాలి, 2023 ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్) రూల్స్ అదే చెప్తున్నాయి. ఏడాదికోసారి రేబిస్ టీకా, గేటుకి దూరంగా ఒక తిండి చోటు, ఆ ఖర్చు కంపెనీది, సెక్యూరిటీ అన్న జేబుది కాదు. మీ ఆఫీస్‌లో జంతువులంటే ప్రేమ ఉన్నవాళ్లు అంతమంది ఉంటే ముందు ఇది చేయమనండి, పైన ఏసీలో ఉండే కుక్కకంటే దీనికి మీ అవసరం ఎక్కువ. ముద్దొస్తోంది కదా అని ఒకరోజు లిఫ్ట్‌లో పైకి మాత్రం తీసుకురావొద్దు, అది బెదిరిపోతుంది.

ఇంకోటి, ఆ నలుగురిని విడిగా కూర్చోబెట్టి ఎందుకు తేవాలనుకుంటున్నారో అడగండి. నా అనుభవంలో చాలామందికి ఆఫీస్‌లో కుక్క కావాలని కాదు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం, ఫ్లాట్‌లో కుక్క పది గంటలు ఒంటరిగా ఉండి ఏడుస్తోందని పక్కింటివాళ్లు కంప్లయింట్ చేశారు, ఇంకేం చేయాలో తెలీక ఇక్కడికి తెస్తామంటున్నారు. అలాంటి కుక్కకి ఆఫీస్ మందు కాదు, వాళ్లకి వారానికి రెండు రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ ఇవ్వండి, మధ్యాహ్నం వాకర్‌కో డే కేర్‌కో కంపెనీ కొంత డబ్బు ఇస్తే ఇంకా మంచిది. సగం డిమాండ్ అక్కడే తీరిపోతుంది.

మీరు ఇప్పుడే మొదలుపెట్టాల్సి వస్తే, నలుగురివి ఒకేసారి వద్దు. ఫౌండర్ గారి ల్యాబ్ ఒక్కటే, వారానికి రెండు రోజులు, ఏ రోజులో ముందే అందరికీ తెలిసేలా, తలుపు ఉన్న ఒక గదిలో, ఒక నెల. వద్దన్నవాళ్లకి ఆ రెండు రోజులు ఎక్కడ కూర్చోవాలో, ఇంటి నుంచి చేయాలో వాళ్ల ఇష్టం, జీతంలో గానీ అప్రైజల్‌లో గానీ ఆ లెక్క రాకూడదు. ఫారంలో ఒక్క "వద్దు" వచ్చినా ఆ గది దాటి కుక్క బయట తిరగకూడదు. గుర్రుమన్నా పళ్లు చూపించినా ఆ రోజుకి ఇంటికి, మళ్లీ రావాలంటే ముందు ఒక డాక్టర్‌కి చూపించాలి, చాలాసార్లు నొప్పి వల్లే చిరాకు పడతాయి, చెవిలో ఇన్ఫెక్షనో కీళ్ల నొప్పో ఉంటుంది. ఇదంతా చెప్పే ఈమెయిల్ మీ పేరుతో కాదు, ఫౌండర్ గారి పేరుతో వెళ్లాలి, "నా కుక్క వల్ల మీకు ఇబ్బంది అయితే చెప్పండి, దాన్ని తీసుకురావడం ఆపేస్తా" అని ఆయన స్వయంగా రాస్తేనే జనం నోరు విప్పుతారు. ఆ లైన్ రాయడానికి ఆయన ఒప్పుకోకపోతే పాలసీ రాయడం అక్కడే ఆపేయండి, నేను చెప్పానని చెప్పండి పర్లేదు.

ఆ ల్యాబ్ వయసెంత, ఆపరేషన్ అయిందా, ఇప్పటిదాకా కొత్తవాళ్లు ముట్టుకుంటే ఎలా ఉంటోంది, మీ ఫ్లోర్‌లో తలుపు ఉండి విడిగా ఏసీ ఉన్న గది ఉందా, ఈ నాలుగూ ఇక్కడే రాయండి. దాన్నిబట్టి మొదటి నెల టైమింగ్స్, ఏ గంటకి బయటకి తీసుకెళ్లాలి, ఎంతసేపు ఉంచాలి అనేది రాసి పెడతా.